పదును కొలిచే పుల్ల

సోలాపూర్ తూర్పు భాగంలో పద్మశాలి చౌక్ నుంచి సాఖర్ పేట వైపు నడుస్తుంటే ముందు వినపడేది మరమగ్గాల చప్పుడు, ఆ వెనక తెలుగు. నిజాం ఇలాకా తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ పేటలివి. ఊరికి పేరు తెచ్చిన దుప్పట్లూ తువ్వాళ్ళూ నేసేది ఇక్కడే. ఆ ఇళ్ళలోనే ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుడతారు.

పొలానికి నీళ్ళు పెట్టే సంగతి రాయబోతూ మగ్గాల వీధిలో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తేమ అంటే ఏమిటో ఈ వీధికి తెలిసినంత బాగా పొలం గట్టు మీద కూడా అందరికీ తెలియదు. ఎండాకాలం గాలి పొడిబారితే పడుగు పోగులు టపటపా తెగుతాయి. పత్తి నూలు తడిస్తే బలపడుతుంది, ఎండితే పెళుసెక్కుతుంది. అందుకే మరమగ్గాల షెడ్లలో నీళ్ళు చల్లుతారు, తుంపర కొడతారు. గాలిలో తేమ 70 శాతానికి పైన ఉంటేనే పని సాఫీగా సాగుతుంది. బీడీల తునికాకునూ ముందు తడిపి, తడిగుడ్డ చుట్టి ఉంచి, మెత్తబడ్డాకే కత్తిరిస్తారు. కాస్త తక్కువ తడిస్తే ఆకు చిట్లుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది.

మరి కరెంటు, తుంపర యంత్రాలు లేని రోజుల్లో తాతలు ఏం చేశారు? నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని, పడుగును నేలకు దగ్గరగా పరిచి నేశారు. గుంట మగ్గం కింది మట్టి మెల్లగా ఆవిరి వదులుతుంటే ఆ చెమ్మకు పోగు మెత్తగా ఉండేది. అంటే నేత పనికి కావలసిన తేమ కూడా నేలలోంచే వచ్చేది.

ఇప్పుడు ఊరు దాటి బయటికి పోదాం. చుట్టూ దానిమ్మ, చెరకు, రబీ జొన్న. వానచాటు ప్రాంతం. భీమా నది మీద 1980లో పూర్తయిన ఉజనీ జలాశయం ఉంది. ఆ నీళ్ళ కోసం చెరకు తోటలూ ఊళ్ళోని కుళాయిలూ పోటీ పడతాయి. పట్నంలో కుళాయి కొన్ని రోజులకోసారి వస్తుంది కనుక నీళ్ళ లెక్క అందరికీ కంఠోపాఠం. ఇలాంటి చోట రైతును రోజూ తొలిచే ప్రశ్న ఒకటే: ఇవాళ మోటారు వెయ్యాలా, వద్దా? పైన మట్టి ఎండినట్టే ఉంటుంది. అడుగు లోతున ఏముందో కంటికి కనపడదు. ఆ అడుగు లోతు సంగతి చెప్పడానికే మట్టిలో గుచ్చే సెన్సర్లు వచ్చాయి. ఒకప్పుడు వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో మాత్రమే ఉన్న ఈ పనిముట్టు ఇప్పుడు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో వంద, రెండు వందల రూపాయలకు పలుచని పుల్లలా దొరుకుతోంది. దానికి చిన్న రేడియో తగిలిస్తే పొలంలో తడి సంగతి ఇంట్లో ఫోనుకు చేరుతుంది.

చెప్పుకోవడానికి తేలికే. అది చెప్పే అంకెను నమ్మొచ్చా అన్నదే అసలు చిక్కు.

తువ్వాలు పిండి చూస్తే

రెండు గుడ్డలు తీసుకోండి. ఒకటి సోలాపూర్ టర్కీ తువ్వాలు, మందంగా, ఉంగరాల పోగులతో ఉండేది. రెండోది పలుచని పంచె ముక్క. రెండింటినీ బకెట్‌లో ముంచి తీసి దండెం మీద వెయ్యండి. కాసేపు నీళ్ళు ధారగా కారతాయి, తర్వాత ఆగిపోతాయి. కారడం ఆగినా గుడ్డలో నీళ్ళున్నాయి, చేత్తో పిండితే వస్తాయి. గట్టిగా పిండి పిండి ఇక చుక్క రాలదనుకున్నాక కూడా గుడ్డ తడిగానే ఉంటుంది. ఆ తడి మీ చేతి బలానికి లొంగదు.

మట్టిలో సరిగ్గా ఇదే జరుగుతుంది. భారీ వాన తర్వాత ఒకటి రెండు రోజులకు అదనపు నీరు కిందికి దిగిపోయి, మట్టి పట్టుకోగలిగినంత నిలుస్తుంది. వేరు పిండుకుని తాగేది ఆ నిలిచిన నీటినే. వేరు బలానికీ ఒక హద్దుంది. మట్టి రేణువులు నీటిని పట్టుకున్న పట్టు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 15 రెట్లు చేరితే చాలా మొక్కలు చేతులెత్తేస్తాయి. మట్టిలో నీరుండగానే మొక్క వాడిపోతుంది.

తువ్వాలుకూ పంచెకూ తేడా ఇక్కడే. పూర్తిగా పిండేశాక కూడా మందపు తువ్వాలులో మిగిలిన నీరు పలుచని పంచెలో కంటే ఎక్కువ. నల్లరేగడి తువ్వాలు లాంటిది, ఎర్ర చెల్క పంచె లాంటిది. చెల్కలో తేమ ఘనపరిమాణంలో 15 శాతం ఉంటే మొక్క హాయిగా ఉంటుంది, ఆరేడు శాతానికి పడితేనే దిగులు. రేగడి 35, 40 శాతం దాకా పట్టి ఉంచగలదు కానీ 20 శాతం చుట్టుపక్కలకు వచ్చేసరికే మొక్కకు గుక్క అందదు. కాబట్టి ఫోన్ తెర మీద 20 శాతం అని కనపడితే మహబూబ్‌నగర్ చెల్కలో అది పుష్కలం, సోలాపూర్ రేగడిలో అది కరువు. ఒకే అంకెకు రెండు చోట్ల రెండు అర్థాలు.

మన రైతులకు ఇది కొత్త కాదు. అందుకే తెలుగులో తేమ ఒక మాట, పదును వేరే మాట. తేమ అంటే ఎంత నీరుందన్నది. పదును అంటే ఆ నీరు పనికొచ్చే స్థితిలో ఉందా అన్నది. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, వేళ్ళ మధ్య నలిపి పదునైందో లేదో చెప్పే చెయ్యి రెండోదాన్ని కొలుస్తోంది. చవక సెన్సర్ కొలిచేది మొదటిదాన్ని. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎవరో ఒకరు పూడ్చాలి. అమ్మేవాళ్ళు ఆ మాట సాధారణంగా చెప్పరు.

రథం కదిలితే తలలు తిరిగినట్టు

పుల్ల లోపల జరిగేది ఇది. దాని మీద పక్కపక్కనే రెండు రాగి రేకులుంటాయి, పైన రంగు పూత. ఒక రేకుకు ధన విద్యుత్తు, రెండోదానికి రుణ విద్యుత్తు ఇస్తూ క్షణానికి లక్షలసార్లు అటూ ఇటూ మారుస్తారు. రేకుల మధ్య మట్టిలో ఏముందన్నదాన్ని బట్టి అవి దాచుకోగల విద్యుత్తు మారుతుంది.

నీటికి ఇందులో ప్రత్యేకత ఉంది. నీటి అణువుకు ఒక కొస ధనం, ఒక కొస రుణం. విద్యుత్ క్షేత్రం ఎటు ఉంటే అటు గిరుక్కున తిరుగుతుంది. నారళీ పున్నమి నాడు తూర్పు పేటల్లో మార్కండేయ మహాముని రథం కదులుతుంటే జనం తలలన్నీ ఒక్కసారిగా ఎలా తిరుగుతాయో చూసినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. తలలు తిరుగుతాయి గానీ వీధిలో గోడలు తిరగవు. మట్టి రేణువులు ఆ గోడల్లాంటివి. ఈ తిరిగే గుణాన్ని అంకెల్లో చెబితే గాలికి 1, పొడి మట్టి ఖనిజాలకు 3 నుంచి 5, నీటికి దాదాపు 80. తేడా అంత పెద్దది కనుకే చిన్న చవక చిప్పు కూడా మట్టిలో నీటిని పసిగట్టగలుగుతోంది.

ఇంతకంటే చవకైనవీ ఉన్నాయి. రెండు మేకులు గుచ్చి వాటి మధ్య కరెంటు ఎంత పారుతుందో చూసేవి. వాటి జోలికి పోవద్దని నా సలహా. మట్టిలో ఉప్పు పెరిగినా, డ్రిప్‌లో ఎరువు కలిపినా అవి తడి పెరిగిందంటాయి, పైగా కొన్ని వారాల్లో మేకులు తినేసుకుపోతాయి. మంచి పుల్ల కూడా ఉప్పుకు పూర్తిగా అతీతం కాదు. చవక పుల్లలు విద్యుత్తును తక్కువ వేగంతో మారుస్తాయి కాబట్టి ఉప్పు ప్రభావం వాటి మీద ఎక్కువ. చెరకుకు ఏళ్ళ తరబడి నీళ్ళు పెట్టి చౌడెక్కిన నేలల్లో ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంట్లో చేసి చూడండి

పుల్ల కొన్నవాళ్ళు పొలానికి పోయే ముందు వంటింట్లో రెండు కొలతలు తీసుకోవాలి. గాలిలో పట్టుకుని వచ్చే అంకె రాసుకోండి. గ్లాసు నీళ్ళలో పుల్ల మీది గీత దాకా ముంచి వచ్చేది రాసుకోండి. మార్కెట్లో ఎక్కువగా దొరికే రకంలో పొడిగా ఉంటే పెద్ద అంకె, తడిస్తే చిన్న అంకె వస్తుంది. తలకిందులుగా ఉందని కంగారు పడనక్కర్లేదు. ఒకే కంపెనీ పుల్లలు మూడు తెచ్చి చూసినా మూడూ ఒకే మాట చెప్పవు, కాబట్టి దేని లెక్క దానికే రాసుకోవాలి. ఇంకో సంగతి: పుల్ల అంచుల్లో పూత ఉండదు. నెలల తరబడి మట్టిలో ఉంటే ఆ అంచుల్లోంచి నీరెక్కి పుల్లే తడుస్తుంది, ఇక ఎప్పుడూ తడే చూపిస్తుంది. గోళ్ళరంగు రెండు పూతలు వేసి ఆరనిస్తే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

పదునును నేరుగా కొలిచే పాతదారి

నీటి పరిమాణం కాకుండా మట్టి పట్టునే కొలవొచ్చు కదా అని ఎప్పుడో ఆలోచించారు. 1940లో అమెరికాలోని మిచిగన్‌లో బూయూకస్, మిక్ అనే ఇద్దరు జిప్సం దిమ్మెలో రెండు తీగలు పెట్టి మట్టిలో పాతారు. జిప్సం దిమ్మె కూడా సన్నటి రంధ్రాల గుడ్డలాంటిదే. చుట్టూ మట్టి ఎండి పట్టు బిగిస్తే దిమ్మెలోని నీటిని లాక్కుంటుంది, మట్టి తడిస్తే తిరిగి ఇస్తుంది. దిమ్మె ఎంత తడిగా ఉందో తీగల మధ్య కరెంటు చెబుతుంది. మేకులకూ దీనికీ తేడా ఏమిటంటే, దిమ్మెలో కరిగే జిప్సమే సొంత ఉప్పు అయి, బయటి ఉప్పు హెచ్చుతగ్గులను కొంతవరకు కప్పేస్తుంది. చెల్క అయినా రేగడి అయినా ఇది మొక్క అనుభవించేదాన్నే చెబుతుంది. కాకపోతే నెమ్మదిగా స్పందిస్తుంది, కొన్ని పంటకాలాలకు కరిగిపోతుంది.

పింగాణీ బుడిపె, నీళ్ళ గొట్టం, పైన మీటరు ఉండే టెన్షియోమీటరు మరో దారి. తేలిక మట్టిలో, కూరగాయల మడుల్లో అది బంగారం. రేగడి బాగా ఎండితే మాత్రం గొట్టంలో నీటి స్తంభం తెగి బుడగలు పడతాయి, మీటరు చేతులెత్తేస్తుంది.

నాకు నచ్చిన పనిముట్టు వేరే ఉంది. కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ చేసిన మట్టి తేమ సూచిక. చేత్తో పట్టుకుని నేలలో గుచ్చితే రంగు దీపం వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ అయితే తడి చాలు. నారింజ అయితే తగ్గుతోంది. ఎరుపు అయితే వెంటనే నీళ్ళు పెట్టు. అందులో రేడియో లేదు, యాప్ లేదు. అయినా రైతుకు కావలసింది అంకె కాదు, నిర్ణయమని దాన్ని చేసినవాళ్ళకు అర్థమైంది. దశాంశ స్థానాల దాకా శాతాలు చూపించే యాప్ కంటే, ఈ నేలకు సరిదిద్దిన నాలుగు రంగులు ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

మగ్గాల మోతలో ఈల

ఇక తీగ లేకుండా కబురు పంపడం. వైఫై పొలంలో కొన్ని పదుల మీటర్లకు మించి పోదు. సిమ్ కార్డు పెడితే ప్రతి పుల్లకూ నెలనెలా రీఛార్జి. అందుకే ఈ పనికి లోరా అనే పద్ధతి కుదిరింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఒక చిన్న సంస్థలో పుట్టిన ఈ పద్ధతిని 2012లో అమెరికా చిప్పుల కంపెనీ సెమ్‌టెక్ కొనుక్కుంది. మనదేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీలో, పరిమిత శక్తితో, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు.

ఇరవై మరమగ్గాలు ఒకేసారి ఆడుతున్న షెడ్‌లో మామూలు మాట వినపడదు. కానీ కింది స్థాయి నుంచి పైకి సాగే ఈల వేస్తే చెవి ఆ మోతలోంచి దాన్ని ఏరుకుంటుంది. మోతకు వరస లేదు, ఈలకు ఉంది. లోరా పంపే ప్రతి సంకేతమూ అలా స్థాయి జారే ఈలే. ఈల ఎక్కడ మొదలైందన్నదే అందులోని అక్షరం. చాలా బలహీనంగా, మోత కంటే తక్కువ బలంతో వచ్చినా అవతలి యంత్రం దాన్ని పట్టుకుంటుంది. అందుకే బ్యాటరీ కొద్దిగా వాడి కూడా బయలు పొలంలో కొన్ని కిలోమీటర్లు పోతుంది. మూల్యం ఒక్కటే, నిదానం. ఫొటోలు, వీడియోలు పంపలేం. పంపాల్సిందల్లా పుల్ల సంఖ్య, తేమ, బ్యాటరీ ఎంత ఉంది, అంతే. జకార్డు మగ్గం అట్ట మీద రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అలాంటి ఉంది, లేదు గుర్తులు ఒక చిన్న అట్ట నిండా చాలు.

గంటలో దాదాపు అంతా పుల్లకు తగిలించిన యంత్రం నిద్రపోతూనే ఉంటుంది. లేచి, కొలిచి, ఈల వేసి, మళ్ళీ పడుకోవడానికి కొన్ని క్షణాలు చాలు. బాగా చేసినదైతే అదే బ్యాటరీతో ఏడాదికి పైగా గడుస్తుంది. పుల్లల్ని చంపేవి ఎక్కువగా ఎలుకలు, చీమలు, గుంటక, పెట్టెలోకి దూరే వాననీరు. చిప్పు కంటే దానికి మంచి నీరుచొరని పెట్టె కొనడానికి ఎక్కువ పెట్టక తప్పదు.

ఇక్కడొక వింత. మట్టిలో మనం వెతికే నీరే రేడియోకు శత్రువు. నిలువెత్తు దాటిన చెరకు ఆకుల్లో ఉన్న నీరు సంకేతాన్ని మింగేస్తుంది. నాట్లప్పుడు చక్కగా పనిచేసిన యంత్రం పైరు ఎదిగాక మూగబోతే చెడిపోయిందనుకోకండి. యాంటెన్నాను వెదురు కర్ర కట్టి పైరు పైకి లేపండి.

నోరు తెరిచే నేల

రేగడి ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది. నెర్రె సరిగ్గా పుల్ల పక్కనే తెరుచుకుంటే అక్కడ గాలి నిండి, పుల్ల మట్టి ఎండిపోయిందని కేకలేస్తుంది. అదే నెర్రెలోకి డ్రిప్ నీరు జారితే వేర్లు ఎండుతుండగానే నిండుగా తడిసిందంటుంది. ఇంకా లోపల, బంకమట్టి రేణువును అంటిపెట్టుకున్న పలుచని నీటి పొర కిక్కిరిసిన సందులో ఇరుక్కున్న జనంలాంటిది. రథం కదిలినా తల తిప్పుకోలేదు, లెక్కలోకి రాదు. అదే బంకమట్టిలో ఉప్పు కరిగి ఉంటే లెక్క పెరుగుతుంది. ఒకటి తక్కువ చేస్తుంది, ఒకటి ఎక్కువ చేస్తుంది, ఏ రోజు ఏది గెలుస్తుందో పుల్లకు తెలియదు.

అందుకే పాతే పద్ధతి ముఖ్యం. గుంటలోంచి తీసిన మట్టినే నీళ్ళతో జావలా కలిపి, అందులో పుల్ల దించి, గాలి లేకుండా నొక్కాలి. డ్రిప్పర్‌కు మరీ కింద కాదు, మరీ దూరం కాదు. అడుగు లోతున ఒకటి, రెండడుగుల లోతున ఒకటి. పైది తగ్గుతూ కిందిది కదలకపోతే వేర్లు పైనే ఉన్నాయన్నమాట. నీళ్ళు పెట్టిన ప్రతిసారీ కిందిది పెరుగుతుంటే ఆ నీరు వేర్లను దాటి పోతోందన్నమాట, దానితో పాటు ఎరువు డబ్బులూ. సరైన శాతం తెలియకపోయినా ఈ కదలిక ఒక్కటి చదవగలిగితే పుల్ల ధర వసూలైనట్టే.

దానిమ్మ పగిలేది ఎందుకు

ఇదంతా అక్కరకొచ్చే పంట సోలాపూర్ చుట్టూనే ఉంది. ఇక్కడి దానిమ్మకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం ఊరి శివారు కేగావ్‌లో 2005లో వెలిసింది. మన అనంతపురం రైతుకూ పరిచయమైన పంటే కాబట్టి సమస్యా పరిచయమే: కోతకు వచ్చే ముందు కాయ పగిలిపోతుంది. కొన్నాళ్ళు నీరు తగ్గితే తోలు బిరుసెక్కుతుంది. తర్వాత ఒక్కసారిగా నీరు పెట్టినా, వాన పడినా లోపలి గింజలు నీరు తాగి ఉబ్బుతాయి, తోలు సాగలేదు, పగులుతుంది. మొత్తం నీరెంత అన్నదాని కంటే ఎగుడుదిగుళ్ళు ఎన్ని అన్నదే ఇక్కడ నష్టం చేస్తుంది. గంటగంటకూ గీసే గీతను ఫోన్‌లో చూడగలిగితే ఆ గీతను చదునుగా ఉంచడమే రైతు పని అవుతుంది.

నీరు ఆపడంలోనూ ఇదే లెక్క. దానిమ్మకు బహార్ (పూత విడత) పట్టడానికి ముందు కొన్ని వారాలు నీళ్ళు మాన్పి, ఆకు రాల్చి, తర్వాత తడి ఇస్తారు. అప్పుడు పూత ఒక్కసారిగా వస్తుంది. ఎన్ని వారాలన్నది మట్టిని బట్టి ఉంటుంది. తేలిక నేల త్వరగా ఆరుతుంది, రేగడి లోతున తడి దాచుకుని చెట్టును మోసగిస్తూనే ఉంటుంది. వానల వెనువెంటనే పట్టే హస్త బహార్‌లో ఈ బాధ మరీ ఎక్కువ. రెండడుగుల పుల్ల ఇక్కడ క్యాలెండర్ కంటే నమ్మకమైనది.

మోటారు మీట ఎవరి చేతిలో

పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్ లాంటి పరికరాలతో ఫోన్ చేసి మోటారు ఆపడం, వేయడం రైతులకు ఎప్పుడో అలవాటైంది. కాబట్టి సెన్సర్‌కూ మోటారుకూ ముడి పెట్టడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా కరెంటు దగ్గరుంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్ళనే చోట రైతు ఆటోస్టార్టర్ పెట్టుకుంటాడు. మట్టికి దాహం ఉన్నా లేకున్నా కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలాల్సి వచ్చింది. వద్దు అని పుల్ల చెప్పినా, రేపు కరెంటు ఉంటుందన్న నమ్మకం లేనివాడు ఆ మాట వినడు. వినకపోవడం అతని తెలివితక్కువతనం కాదు.

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలోని చెన్నకేశవపురలో 2000ల మధ్యలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి పొలాల్లో తీగలేని సెన్సర్లు పెట్టాయి. పేద మెట్టరైతుకు సెన్సర్ పనికొస్తుందా అన్న ప్రశ్నను మనవైపు ఇంత తొందరగా వేసినవాళ్ళు తక్కువ. అదే దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం నుంచి నల్లగొండ దాకా, రైతులే బోరు నీటిమట్టాలూ వానలూ కొలిచి, గోడ మీద రాసి, ఊరి లెక్క కట్టి, ఏ పంట వెయ్యాలో మాట్లాడుకున్నారు. వాళ్ళ దగ్గర ఎలక్ట్రానిక్ పరికరాలు పెద్దగా లేవు, అందరికీ కనపడే గోడ ఉంది. ఈ రెండూ ఎందుకు ప్రస్తావించానంటే, ఒక్కో రైతు ఫోన్‌లో దాక్కున్న గీత అతనికి కరెంటు ఖర్చు తగ్గించవచ్చు, భూగర్భ జలాన్ని మాత్రం కాపాడదు. ఇక్కడ మిగిల్చిన నీటితో ఇంకో ఎకరం చెరకు వేస్తే మిగిలింది ఏమీ లేదు. పది పొలాల గీతలు ఒక గోడ మీద పక్కపక్కన కనపడితే వచ్చే మాట వేరు.

105 డిగ్రీల దగ్గర

చవక పుల్లకు మన నేల భాష నేర్పడానికి దారి ఒక్కటే, తూచడం. పుల్ల పక్కన మట్టిని కొలత తెలిసిన డబ్బాతో తీసి తూచాలి. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఎండబెట్టి మళ్ళీ తూచాలి. తగ్గిన బరువు నీరు. నేల నిండుగా ఉన్నప్పుడోసారి, సగం ఆరాక ఓసారి, మొక్క మధ్యాహ్నం తల వాల్చే దశలో ఓసారి ఇలా చేస్తే మూడు అంకెలొస్తాయి. పుల్ల చెప్పే మాటను వాటి పక్కన రాసుకుంటే అవే ఆ పొలానికి నీలం, ఆకుపచ్చ, ఎరుపు.

నూలు వ్యాపారానికి ఈ పద్ధతి పాతదే. నూలు బరువు లెక్కన అమ్ముతారు కాబట్టి తడిపి అమ్మితే కొన్నవాడు మునుగుతాడు. అందుకే నమూనాను సరిగ్గా ఆ 105 డిగ్రీల దగ్గరే బరువు మారనంతవరకు ఎండబెట్టి, పత్తికి సహజమైన తేమ కింద 8.5 శాతం కలిపి బరువు కడతారు. నూలు పరీక్షించే ఓవెన్ ఉన్న చోటికి పొరుగూరి రైతు ఒక డబ్బా రేగడి పట్టుకొచ్చినా వేడి మార్చనక్కర్లేదు. తీశాక ఓవెన్ మాత్రం బాగా తుడవాలి, నల్లమట్టి తెల్లనూలుకు అంటితే ఓ పట్టాన వదలదు.